నలభై కాళ్లు

పొగతోటలో ఎటు చూసినా డాక్టర్ల బోర్డులే.
మేడ మీద మాదీ ఒక బోర్డు,
లోపల బల్ల మీద ఇంకో బోర్డు.
ఇస్కపల్లి రొయ్యల గుంటల నుంచి జబ్బుతో వచ్చింది.
పగలంతా బాగుంటుంది.
తెల్లవారుజామున మూడింటికి,
నీళ్లలో ఊపిరి పల్చబడే వేళకి
కొయ్యబారిపోతుంది.
ఏరియేటర్ల రెక్కలాగి
రొయ్యలు మీసాలు పైకెత్తి గట్ల వెంబడి తేలతాయి.
కాపలా తిరుపాలు బకెట్టు మీద గరిటతో కొట్టి
ఊరందర్నీ లేపుతాడు.

"ఏందబ్బయా, మీ పెట్టెకి గూడా నిద్దరొస్తాదా?"
దువ్వూరు శేషమ్మ అడిగిన మాటకి
జిలానీ తల దించుకున్నాడు.
ప్రోగ్రాం వాడిది, వైరింగు నాది.
ఆ వారం మేమిద్దరం టీ కూడా విడివిడిగా తాగాం.

మద్రాసు నుంచి వరదరాజన్ దిగాడు,
రెండు కేటలాగులు పరిచాడు.
ఎమ్యులేటర్ అంటే మరేం లేదు.
సాకెట్లోంచి ప్రాసెసర్‌ని పీకేసి
దాని నలభై కాళ్ల గుంటల్లో మన కాళ్లు పెట్టి నిలబడ్డం.
దాని బదులు మనం నడుస్తాం,
అనుమానం వచ్చిన చోట ఆగుతాం,
ఆగిన చోట జేబులన్నీ తిరగేస్తాం,
ఏ రిజిస్టర్లో ఏముందో,
ఎక్కణ్ణుంచి వచ్చి ఎటు పోబోతోందో.

మొదటిది చవక.
ఆరు మెగాహెర్ట్జ్ దాటి పరిగెత్తదు.
మా బోర్డు పన్నెండు.
పరుగులో వచ్చే ఆయాసాన్ని నడిపించి పట్టుకుంటామా?
కింద అంతస్తు గుండె డాక్టరు కూడా
జనాన్ని ట్రెడ్‌మిల్ ఎక్కించే కదా చూస్తాడు.

రెండోదానికి అన్నీ సొంతమే:
సొంత గడియారం, సొంత జ్ఞాపకం, సొంత కరెంటు.
వెనక వేసిన నాలుగు వేల అడుగులు గుర్తుపెట్టుకుంటుంది.
ధర చెప్పేముందు వరదరాజన్ దగ్గాడు.
మూడెకరాల గుంట, ఒక మంచి పంట.
"మూడు రాత్రులు వాడి చూడండి మేడమ్" అన్నాడు.

గట్టు మీద నులకమంచం, దాని మీద ఆ పెట్టె,
పెట్టెకి మంచు తగలకుండా గొడుగు.
మాకు గొడుగు లేదు.
మొదటి రాత్రి మూడు దాటింది, రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి.
రెండో రాత్రీ అంతే.
"తగ్గిపోయింది" అన్నాడు జిలానీ, నిజంగానే సంతోషంగా.
తిరుపాలు గరిట కడిగి లోపల పెట్టేశాడు.

నాకు నమ్మకం కుదర్లేదు.
రోగిని పక్కకి జరిపి
ఆ మంచం మీద మనం పడుకుని
ఒళ్లు వెచ్చగా లేదే అంటున్నామేమో.

మూడో రాత్రి
పెట్టె పక్కనున్న చిన్న జంపర్ని పీకి ఇటు గుచ్చాను,
నీ గడియారం వదిలెయ్, బోర్డు గడియారం పట్టుకో అని.
మూడూ పది.
సముద్రం వైపు గాలి పడిపోయింది,
గడ్డి మీద మంచు దిగింది.
రెక్కలు ఆగాయి.
స్క్రీన్ మీద ఒక్క ముక్క: గడియారం లేదు.

ఏదైనా చచ్చిపోతే అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు నాకు.

టార్చి వేసి చూస్తే
క్రిస్టల్ రెండు కాళ్ల మధ్య తెల్లటి పొర.
జిలానీ వేలికి అద్దుకుని నాలుక్కి రాసుకున్నాడు.
ఉప్పు.
ప్రోగ్రామూ కాదు, వైరింగూ కాదు.
ఇద్దరం ఒకేసారి చీకట్లో అలల వైపు చూశాం.
గరిట చప్పుడు మొదలైంది,
శేషమ్మ తిట్లు కూడా.

కడిగి, ఆరబెట్టి,
జిలానీ చెల్లెలి గోళ్ల రంగు పూశాం. ఎర్రటిది.
వారం గడిచింది, రెక్కలు ఆగలేదు.

"జబ్బు దొరికాక డాక్టర్ని ఎవరు కొంటారబ్బా" అన్నాడు జిలానీ.
మర్నాడు తుమ్మలపెంట నుంచి
గోనెసంచిలో ఇంకో మూడు బోర్డులు దిగాయి.

వరదరాజన్‌కి ఫోన్ చేసి
కేటలాగులో లేని సంగతి ఒకటి అడిగాను:
"మీ దగ్గరున్న వాటిలో
బాగా పక్కకి తప్పుకోగలిగింది ఏది?"
ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాడు,
రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

చివరికి ఆ రెండోదే, వాయిదాల మీద.
సీసాలో మిగిలిన గోళ్ల రంగుతో
జంపర్ పక్కన చుక్క పెట్టాను, ముందు అటు చూడాలని.
ఇంకా రెండు వాయిదాలున్నాయి.